గారెట్ ఏస్ 300 రివ్యూ: రోడ్డు పక్కన, పైపుల మధ్య, కేబుళ్ల దగ్గర వాడి చూసి రాస్తున్నా

మాది ఒడిశాలో పర్లాకిమిడి. నీళ్ల లైన్లు, మోటార్లు, బోర్ల పని చేస్తాను, ఇటు పాతపట్నం నుంచి అటు కాశీనగర్, గుణుపురం దాకా ఎవరు పిలిచినా వెళ్తాను. ఈ గారెట్ ఏస్ 300 మెటల్ డిటెక్టర్ కొన్నాక నాకు ఫోన్లు బాగా ఎక్కువయ్యాయి. సగం మంది అడిగేది లంకెబిందెల గురించి, దాని సంగతి కింద చెప్తాను. మిగతా సగం మంది నాలాంటి పనివాళ్లే, అన్నా రోడ్డు పక్కన తవ్వేముందు కింద కరెంటు కేబులు ఉందో లేదో దీంతో తెలిసిపోతుందా అని. ఈ రెండో ప్రశ్న కోసమే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నా. వీడియోలు చూసి తెలుస్తుందనే చాలామంది నమ్ముతున్నారు, ఆ నమ్మకంతో గునపం దించేస్తున్నారు, అది ప్రాణాల మీదకి వచ్చే పని.

ముందు మిషన్ గురించి. గారెట్ అమెరికా కంపెనీ, టెక్సాస్‌లో గార్లండ్ అనే ఊళ్లో 1964లో మొదలైంది, సెక్యూరిటీ వాళ్లు ఒంటి చుట్టూ తిప్పే చేతి స్కానర్లు కూడా వీళ్లు చేస్తారు. ఏస్ 300 మాత్రం నేల మీద వెతికేది. పొడుగు కర్ర, చివర కోలగా 7 బై 10 అంగుళాల కాయిల్, పైన చిన్న డిస్‌ప్లే, చెయ్యి పెట్టుకోడానికి ఆనుడు. బరువు 1.27 కేజీలు, నాలుగు పెన్సిల్ సెల్లుల మీద నడుస్తుంది. కాయిల్ నీళ్లలో ముంచినా ఏం కాదు గానీ పైన ఉన్న బాక్సు మాత్రం తడవకూడదు, కాబట్టి వానలో పనిచేసేవాళ్లు ప్లాస్టిక్ కవరు కట్టుకోవాలి. పనిచేసే పద్ధతి సింపులే, కాయిల్ నేలలోకి 8 కిలోహెర్ట్జ్ మీద అయస్కాంత క్షేత్రం పంపుతుంది, కింద లోహం ఉంటే అందులో చిన్న కరెంటు సుళ్లు తిరుగుతుంది, ఆ సుడి మళ్లీ పుట్టించే క్షేత్రాన్ని కాయిల్ పట్టుకుని శబ్దం చేస్తుంది, స్క్రీన్ మీద 0 నుంచి 99 దాకా ఒక నంబరు చూపిస్తుంది. కింది నంబర్లు ఇనుము, మధ్య నంబర్లలో బంగారమూ అల్యూమినియం రేకూ రెండూ, పై నంబర్లు రాగి వెండి లాంటివి, వాటికి గంట శబ్దం వస్తుంది. ధర మంచి స్మార్ట్‌ఫోన్ కొన్నంత అవుతుంది. నేనైతే ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, పని మీద తిరిగేవాళ్లకి డబ్బు తిరిగొస్తుంది.

నాకు డబ్బు తిరిగొచ్చింది ఉంగరాల వల్లా నాణేల వల్లా కాదు, వాల్వు మూతల వల్ల. మన ఊళ్లలో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా, రోడ్డు పక్కన పేవర్ బ్లాకులు పరిచినప్పుడల్లా పాత వాల్వు ఛాంబర్ల మూతలు కిందకి పోతాయి, పైన ఒక గుర్తు కూడా ఎవరూ పెట్టరు. లీకు వచ్చినరోజు ఏ వాల్వు కట్టాలో, అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పాత ఫిట్టరు గారు రిటైరైపోయి ఉంటారు, ఇంటికెళ్లి అడిగితే "ఆ వేపచెట్టుకి నాలుగు అడుగులు ఇటు" అంటారు, ఆ చెట్టేమో 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి పడిపోయింది. మా గజపతి జిల్లాలో తిత్లీ తర్వాత ఇలా గుర్తులు పోయిన వీధులు చాలా ఉన్నాయి. ఇదివరకు అయితే గునపం పట్టుకుని వరసగా పొడుచుకుంటూ పోవడమే, నాలుగు చోట్ల రోడ్డు పగిలాక మూత తగిలేది, ఆ నాలుగు గుంతలూ మనమే పూడ్చాలి, వీధి వాళ్ల తిట్లూ మనవే.

ఇప్పుడు చేసేది చెప్తాను చూడండి, ఒక వీధిలో చేసిన పని. పేవర్ బ్లాకుల కింద మూత ఉందని తెలుసు, ఎక్కడో తెలీదు. మిషన్ జీరో డిస్క్ మోడ్‌లో పెట్టాను, అంటే ఏ లోహాన్నీ వదలకుండా అన్నిటికీ మోగే మోడ్. ఇది ముఖ్యం, కాయిన్స్ మోడ్‌లో పెడితే ఇనుమును కావాలనే వదిలేస్తుంది, పోత ఇనుప మూత మీద నిలబడినా చప్పుడు చెయ్యకపోవచ్చు. సెన్సిటివిటీ, అంటే మిషన్ ఎంత చిన్న గుర్తుకి మోగాలో ఆ మెట్టు, సగానికి తగ్గించి గోడ నుంచి రోడ్డు అంచు దాకా అడ్డంగా తిప్పుకుంటూ వెళ్తే చిన్నచిన్న టిక్కులు వచ్చాయి, మేకులు అవీ, వాటిని పట్టించుకోలేదు. ఒకచోట మాత్రం కాయిల్ మొత్తం వెడల్పుకి ఆగకుండా మోత. కాయిల్‌ని మోకాలి ఎత్తుకి లేపాను, ఇంకా మోగుతోంది. చిన్న వస్తువైతే జానెడు లేపేసరికి ఆగిపోతుంది, లేపినా మోగిందంటే కింద పెద్దదే ఉంది. సరైన చోటు చూపించే పిన్‌పాయింట్ బటన్ నొక్కి పట్టుకుని నాలుగు వైపుల నుంచి దగ్గరికి వస్తూ శబ్దం ఎక్కడ మొదలైతే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాను, నాలుగు గీతలు కలిపితే రెండడుగుల చదరం వచ్చింది. బ్లాకులు చేత్తోనే లేపాం, కింద ఇసుక, ఇసుక కింద తుప్పు పట్టిన మూత అంచు, అంచు చుట్టూ గట్టిపడిపోయిన బురద. ఒక్క బ్లాకు కూడా పగల్లేదు, సాయంత్రానికి మళ్లీ సర్దేసి వచ్చాం. ఈ ఒక్క పనికి మాత్రం ఐదుకి ఐదు.

పాత జీఐ పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు వెతకడానికీ పనికొస్తుంది, అది మరీ లోతు లేకపోతే. పైపు అయితే శబ్దం గీతలా సాగుతుంది, నువ్వు రోడ్డు వెంబడి నాలుగడుగులు జరిగినా అదే వరసలో మళ్లీ మోగుతుంది. ప్రతి రెండడుగులకీ ఒక సుద్ద చుక్క పెట్టుకుంటూ పోతే పైపు ఎటు తిరిగిందో కనిపిస్తుంది, ఎల్బో, అంటే మలుపు ముక్క ఎక్కడుందో కూడా చెప్పొచ్చు. అయితే పైపు అని ఎలా తెలుసు, అదే వరసలో కరెంటు కేబులైతే? ఆ సంగతికే వస్తున్నా.

దానికి ముందు ఉంగరం గురించి, ఎందుకంటే ఎక్కువమంది దీనికే కొంటారు. ఒక పెళ్లివారింటి ముందు రోడ్డు పక్కనే పందిరి వేశారు, భోజనాలయ్యాక కాలువ దగ్గర చేతులు కడుక్కుంటుంటే పెళ్లికొడుకు ఉంగరం జారిపోయింది. కాలువలో పడలేదని అతను ఖాయంగా చెప్తున్నాడు, గట్టు మీద మట్టిలోనే ఎక్కడో ఉంది. నేను వెళ్లేసరికి జనం తొక్కి తొక్కి మట్టంతా ముద్ద అయిపోయింది. మిషన్ ఆన్ చేయగానే ఒకావిడ పక్కనే కూర్చుని "ఏటి బావూ, ఇది పలికితే బంగారమేనా" అంది. "కాదు పిన్నీ, మేకుకీ పలుకుద్ది, మాత్రల రేకుకీ పలుకుద్ది, నంబరు చూసి పోల్చుకోవాలి" అన్నాను. "మరి నంబరు చూడు, మా పిల్లడి మొహం చూడలేకపోతన్నాం" అంది. ఆ మాటతో నాకు చేతులు ఇంకా జాగ్రత్తగా కదిలాయి.

పందిరి వేసిన చోట నేల నిండా మేకులూ, బైండింగ్ వైరు ముక్కలూ, సోడా మూతలూ, మాత్రల స్ట్రిప్పులూ. జ్యూయలరీ మోడ్ పెడితే ఇనుము వదిలేసి మిగతావాటికి మోగుతుంది. ఇక్కడ ఒక పద్ధతి పాటించాలి, శబ్దం వచ్చిన చోట ఒకసారి తూర్పు పడమర, ఇంకోసారి ఉత్తరం దక్షిణం తిప్పాలి, రెండు వైపుల నుంచీ నంబరు ఒకేలా నిలబడితేనే తవ్వాలి. నంబరు అటూ ఇటూ గెంతితే అది సోడా మూతో మడతపడ్డ రేకో అయ్యే అవకాశం ఎక్కువ. రేకులు కొన్ని వచ్చాయి, తీసి సంచిలో వేసుకున్నాను, తీయకుండా వదిలేస్తే మళ్లీ మళ్లీ అవే మోగుతాయి. కాలువ స్లాబు అంచుకి ఆనుకుని, కరెంటు స్తంభానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక నంబరు రెండు వైపులా నిలబడింది. ప్లాస్టిక్ తాపీతో రెండు వేళ్ల లోతు మట్టి లేపితే ఉంగరం బురద ముద్దలో ఉంది, రాయి కూడా ఊడలేదు. ఆ పిన్ని నా చేతిలో డబ్బు కంటే ముందు ఒక లడ్డూ పెట్టింది.

నాణేల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తా. ఇప్పుడు మనం వాడే రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలువి, అయస్కాంతానికి అతుక్కుంటాయి. అందుకే ఇనుము వద్దని మోడ్ పెట్టుకుంటే ఇవీ తప్పిపోవచ్చు, లేదా నంబరు నిలకడగా రాదు. విదేశీ వీడియోల్లో చూపించే నాణేల నంబర్లు మనకి పనికిరావు, మన బిళ్లలు నేల మీద పరిచి మీ నంబర్లు మీరే రాసుకోండి.

ఇప్పుడు కరెంటు. ఆ పెళ్లింటి దగ్గర స్తంభం పక్కకి వెళ్లేసరికి మిషన్ వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. కొత్తగా కొన్నవాళ్లందరికీ ఇదే కంగారు, మిషన్ పాడైందనుకుంటారు, లేకపోతే కింద ఏదో నిధి ఉందనుకుంటారు. రెండూ కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది, దానికి రెట్టింపు, మూడింతలు అలా పెద్ద ఫ్రీక్వెన్సీలు (హార్మోనిక్స్) పైదాకా ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్, పై తీగలు, కింద కేబులు, వీధి ఎల్ఈడీ దీపాల డ్రైవర్లు, చివరికి నీ జేబులో ఫోను కూడా కాయిల్‌లోకి రొద పంపుతాయి. పోల్చుకోవడం ఎలాగంటే కాయిల్‌ని నడుము ఎత్తుకి లేపి కదపకుండా పట్టుకో. కదపకపోయినా మోగుతూనే ఉంటే అది రొద. నేలలో ఉన్న లోహం కాయిల్ దాని మీద నుంచి కదిలినప్పుడే మోగుతుంది, ఆపితే ఆగుతుంది. రొద అయితే ముందు ఫోను దూరంగా పెట్టు, తర్వాత సెన్సిటివిటీ ఒక్కో మెట్టు తగ్గించు, ఎనిమిది మెట్లు ఉన్నాయి, అప్పటికీ తగ్గకపోతే ఫ్రీక్వెన్సీ కొద్దిగా జరుపుకునే సదుపాయం ఉంది, అది వాడు. సెన్సిటివిటీ తగ్గితే లోతు కూడా తగ్గుతుంది, అది తప్పదు, కానీ రొద వింటూ వెతికే కంటే తక్కువ లోతులో శుభ్రంగా వినడం మేలు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చిన్న శబ్దాలు బాగా వినిపిస్తాయి గానీ రోడ్డు పక్కన రెండు చెవులూ మూసుకోవద్దు, ఆటోలు వెనక నుంచి వస్తాయి, నేనైతే ఒక చెవికే పెడతాను.

ఇంకో విషయం, రొద వచ్చింది కాబట్టి కింద కేబులు ఉందని కాదు, రొద రాలేదు కాబట్టి కేబులు లేదనీ కాదు. కేబులులో మూడు ఫేజుల కరెంటు సమానంగా పోతుంటే బయటకి వచ్చే క్షేత్రం బాగా తగ్గిపోతుంది. సరఫరా ఆపిన కేబులైతే అసలు రొదే ఉండదు, గంట తర్వాత మళ్లీ కరెంటు ఇస్తారు.

కాలువ స్లాబుల మీదా ఫుట్‌పాత్ కాంక్రీటు మీదా ఈ మిషన్ పనితనం తగ్గిపోతుంది. లోపల ఇనుప ఊచల జాలి ఉంటుంది, ప్రతి ఊచ దగ్గరా మోత, ఊచకీ ఊచకీ మధ్య కాసేపు నిశ్శబ్దం. ఆ మోతలో ఉంగరం గొంతు వినపడదు. చిన్న 4.5 అంగుళాల గుండ్రటి కాయిల్ విడిగా అమ్ముతారు, స్లాబుల పక్కన సందుల్లో అది బాగుంటుంది, పెద్ద కాయిల్ ఊచనీ ఉంగరాన్నీ కలిపి ఒకటే శబ్దంగా చెప్తుంది, చిన్నది విడదీస్తుంది. స్లాబు అంచుకి సమాంతరంగా తిప్పడం కూడా కొంత సాయం చేస్తుంది. స్లాబు కింద ఏముందో మాత్రం ఈ మిషన్ చెప్పలేదు.

అసలు మాట ఇప్పుడు. మా జిల్లాలోనే ఒక ఊళ్లో కుళాయి లైను వేస్తున్నారు, కాంట్రాక్టరు ఎవరన్నది ఇక్కడ అనవసరం. వాళ్ల దగ్గర ఒక డిటెక్టర్ ఉంది, నాది కాదు, వేరే కంపెనీది. మేస్త్రీ దాన్ని రోడ్డు అంచు మీద అటూ ఇటూ తిప్పాడు, మోగలేదు, సరే తవ్వండన్నాడు. కొండ ఊరి నుంచి వచ్చిన సవర కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, గునపం ఎత్తి దించాడు. పెద్ద వెలుగు, పేలుడు, వీధంతా కరెంటు పోయింది. కుర్రాడు బతికాడు, రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ఆ గునపం నేను తర్వాత చూశాను, మొన కరిగి ముద్దలా గుండ్రంగా అయిపోయి, నీలంగా మచ్చలు. అది చూసినవాళ్లు ఎవరూ మళ్లీ మిషన్ మోగలేదు కదా అనే మాట అనరు.

ఎందుకు మోగలేదో చెప్తాను, నిర్లక్ష్యం సంగతి పక్కన పెడితే దీనికి టెక్నికల్ కారణాలు ఉన్నాయి. మిషన్ కాయిన్స్ మోడ్‌లో ఉంది. భూమిలో వేసే ఆర్మర్డ్ కేబులు పైన కవచంలా చుట్టేది జీఐ పట్టీ, అంటే ఇనుమే. ఇనుమును వదిలెయ్యమని మనమే చెప్పిన మోడ్ అది, అది చెప్పినట్టే చేసింది. రెండోది లోతు. ఈ రకం మిషన్లు నాణెం సైజు వస్తువుని జానెడు లోతులో పట్టుకుంటాయి, పెద్ద వస్తువుని ఇంకొంచెం లోతులో. కేబులు వెయ్యడానికి ఉన్న ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 1255 ప్రకారం ఇళ్లకి వచ్చే తక్కువ వోల్టేజీ కేబులు 75 సెంటీమీటర్ల లోతులో, 11 కేవీ కేబులు 90 సెంటీమీటర్ల లోతులో ఉండాలి. అంటే సరిగ్గా వేసిన కేబులు ఈ మిషన్‌కి అందకపోవచ్చు, సరిగ్గా వెయ్యని కేబులు మాత్రం మీ పారకి జానెడు లోతులోనే అందుతుంది. రోడ్డు పక్కన మట్టి తీసి, వేసి, మళ్లీ తీసి, ఎక్కడ ఎంత లోతుందో కాగితాల్లో ఉన్నది వేరు, నేలలో ఉన్నది వేరు.

మూడోది అసలు లోహమే లేనివి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద మన పల్లెల్లో వేసిన లైన్లలో ఎక్కువ హెచ్‌డీపీఈ, పీవీసీ పైపులే, నల్లటి పైపు మీద నీలం చారలు చూసే ఉంటారు. ఇంటింటికీ వచ్చే వంట గ్యాసు లైను పసుపు ప్లాస్టిక్ పైపు. ఫైబర్ కేబులు పోయేది ప్లాస్టిక్ డక్టులో, లోపల గాజు తీగ. వీటిలో దేనికీ ఈ మిషన్ నోరు తెరవదు, ఎంత ఖరీదైన మెటల్ డిటెక్టర్ కొన్నా ప్లాస్టిక్‌కి మోగదు. గ్యాసు పైపు మీద నిలబడి, మిషన్ మోగలేదని నవ్వుకుంటూ గునపం దించే మనిషిని తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

కాబట్టి పనివాళ్లకి నేను చెప్పేది. మోగితే ఆగండి, అక్కడ లోహం ఉంది, చేత్తో చూడండి. మోగకపోతే మాత్రం ఏమీ తేలలేదనే లెక్క. తవ్వేటప్పుడు మట్టి చెప్పేది వినండి, సహజమైన ఎర్రమట్టిలో ఉన్నట్టుండి శుభ్రమైన ఇసుక పొర వచ్చినా, ఇటుకలు వరసగా పేర్చి కనిపించినా, ఎర్ర ప్లాస్టిక్ వార్నింగ్ టేపు తగిలినా పని ఆపెయ్యండి, కేబులు వేసేటప్పుడు కింద ఇసుక పరిచి పైన ఇటుకలు పేర్చుతారు, దాని కిందే ఉంటుంది. గునపంతో నిలువుగా పొడవొద్దు, పారతో పక్క నుంచి పొరలు పొరలుగా తీయండి. స్తంభం పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్కన ఎర్తింగ్ గుంత ఉంటుంది, జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, దాని చుట్టూ ఉంగరం పోయినా సరే మీరు తవ్వొద్దు, కరెంటు ఆఫీసు వాళ్లని పిలవండి, 1912 నంబరుకి ఫోన్ చేస్తే అందుతుంది.

కేబులు వెతకడానికి విడిగా మిషన్లు ఉన్నాయి, కేబుల్ లొకేటర్ అంటారు. బ్రిటన్‌లో రేడియోడిటెక్షన్ అనే కంపెనీ చేసే క్యాట్, జెన్నీ జంట బాగా వాడతారు. క్యాట్ చేతిలో పట్టుకునే రిసీవర్, పవర్ మోడ్‌లో పెడితే కరెంటు పారుతున్న కేబులు 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని పట్టుకుంటుంది. జెన్నీ ట్రాన్స్‌మిటర్, దాన్ని కేబులుకో పైపుకో కలిపితే 33 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పంపుతుంది, ఆ సిగ్నల్ వెంట నడిచి లైను గీసుకోవచ్చు. లోడు లేని కేబులు పవర్ మోడ్‌కీ దొరకదు, అందుకే జెన్నీ ఉండాలి. ప్లాస్టిక్ పైపు వీటికీ నేరుగా దొరకదు, లోపలికి సిగ్నల్ మోసే తీగ ఉన్న ట్రేసింగ్ రాడ్ దూర్చాలి, లేదంటే నేల లోపలికి తరంగాలు పంపి చూసే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ తేవాలి. ఇవి మనలాంటి చిన్న పనివాళ్లు కొనేవి కావు, పెద్ద కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు మాత్రం అద్దెకైనా తెచ్చుకోవాలి, కుర్రాళ్ల చేతులు వాటి అద్దె కంటే చవక కాదు.

ఉచితంగా దొరికేది ఒకటుంది, చాలామందికి తెలీదు. 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు ఎక్కడ తవ్వుతున్నారో అందులో పెడితే అక్కడ కేబుళ్లూ పైపులూ ఉన్న సంస్థలకి కబురు వెళ్తుంది. దేశంలో ఏటా పది లక్షల దాకా ఫైబర్ కట్లు అవుతున్నాయనీ, 3,000 కోట్ల రూపాయల దాకా నష్టమనీ అప్పుడు చెప్పారు. బీఎస్ఎన్ఎల్ పద్ధతిలో మామూలు నేలలో ఫైబర్ 165 సెంటీమీటర్ల లోతులో వెయ్యాలి, అయినా ఇన్ని తెగుతున్నాయంటే మనం ఎలా తవ్వుతున్నామో ఆలోచించాలి. యాప్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వార్డు ఆఫీసు, లైన్‌మాన్, నీళ్ల ఫిట్టరు, వీధిలో పాత పెద్దమనిషి, నలుగురినీ అడిగితే ఖర్చు లేదు. మా దగ్గర పార పట్టేవాళ్లలో సగం మందికి ఒడియా, సవర తప్ప రావు, కాబట్టి ఎక్కడ తవ్వకూడదో చెప్పడం కాదు, సున్నంతో గీత గీసి చూపించాలి.

లంకెబిందెల వాళ్లకి. రాజుగారి ఊరు కాబట్టి ప్రతి పాత గోడ కిందా ఏదో ఉందని కథలు, నన్ను రాత్రిపూట రమ్మన్నవాళ్లూ ఉన్నారు, ఎవరి దగ్గరికీ వెళ్లను. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇప్పటికీ ఉంది, భూమిలో దాచిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి, దాచుకుంటే శిక్ష. ముఖలింగం, శాలిహుండం లాంటివి పురావస్తు శాఖ కాపాడుతున్న చోట్లు, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద అక్కడ అనుమతి లేకుండా తవ్వడం నేరం, అక్కడికి ఈ మిషన్ తీసుకెళ్లనే వద్దు. గంగరాజుల కాలం నుంచి మిగిలినవి మన పిల్లలకి ఉండాలి, ఎవరో రాత్రి గుంత తీసి ముక్కలు చేసి అమ్ముకోడానికి కాదు. 1900లో మొదలైన మా పాత చిన్న రైలు లైను వెంబడి ఇనుప మేకులు దొరుకుతాయని కుర్రాళ్లు వెళ్తుంటారు, అది రైల్వే స్థలం, ఇప్పుడు అక్కడ పెద్ద రైళ్లు తిరుగుతున్నాయి, అదీ వద్దు.

కొనాలనుకునేవాళ్లకి ఇంకొన్ని. గోపాలపురం బీచి, ఛత్రపురం వైపు ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజం, కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఐఆర్ఈఎల్ వాళ్లు దాన్నే తీస్తున్నారు. ఏస్ 300లో గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టిలోని ఖనిజాలకి మోగకుండా చేసే సర్దుబాటు, కంపెనీ సెట్ చేసి పంపినదే, మనం మార్చుకోలేం, కాబట్టి ఆ నల్ల ఇసుకలో, ఉప్పు తడి మీద సెన్సిటివిటీ బాగా తగ్గించాలి. బీచికే కొనేవాళ్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలు ఒకేసారి పంపే మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్లు చూడండి. మా ఎర్రమట్టిలో మాత్రం ఇబ్బంది పడలేదు.

నేను ఇవ్వని ఒక్క స్టారు పిన్‌పాయింటర్ గురించి, అంటే గుంతలో పెట్టి చూసే చిన్న చేతి డిటెక్టర్, విడిగా కొనుక్కోవాలి, అది లేకుండా సగం మిషనే. గారెట్‌లోనే ప్రో పాయింటర్ ఏటీ అని నారింజ రంగుది ఉంటుంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, నీళ్లలో కూడా పనిచేస్తుంది. పెద్ద మిషన్ చోటు చూపిస్తే గుంతలో అది ఏ వైపు ఉందో ఈ చిన్నది చెప్తుంది, దానివల్ల గుంత పిడికెడే తీస్తాం, గుంత ఎంత చిన్నదైతే కేబులు తగిలే అవకాశం అంత తక్కువ. ఆన్‌లైన్‌లో దొరికే చవక డిటెక్టర్లు, బొమ్మలో ఏస్‌లాగే ఉంటాయి, ఒకటి మా బావమరిది తెప్పించాడు, నేల తగిలినా మోగుతుంది, గాలికీ మోగుతుంది. పేరున్న డీలరు దగ్గర బిల్లుతో కొనండి, కొనేముందు షాపు బయట రోడ్డు మీదకి తీసుకొచ్చి కరెంటు స్తంభం దగ్గర ఒకసారి, దూరంగా ఒకసారి తిప్పి చూపించమనండి, జేబులోంచి రూపాయి బిళ్ల ఒకటి, ఇంట్లోంచి వెండి పట్టీ ఒకటి తీసుకెళ్లి నేల మీద పెట్టి నంబర్లు చూసుకోండి. రీచార్జ్ సెల్లులు వేసుకోవచ్చు, రెండు సెట్లు ఉంచుకుంటే రోజంతా పనికి ఇబ్బంది ఉండదు, పని అయ్యాక బాక్సులోంచి సెల్లులు తీసేసి పెట్టండి, వానాకాలంలో కారి స్ప్రింగులు పచ్చబడతాయి.